స్టువార్టుపురం మీదుగా మానవశాస్త్రం

విజయవాడలో ఆదివారం పూట సివిల్స్‌కు చదివే కొందరు పిల్లలు రాసిన జవాబులు దిద్దుతుంటాను. వారిలో కొత్తగా వచ్చేవారు, ఎక్కువగా ఇంజినీరింగ్ ముగించి ఏడాది తిరగనివారు, నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే. "అక్కా, ఆప్షనల్‌గా ఆంత్రోపాలజీ తీసుకోమంటారా? సిలబస్ చిన్నదట కదా." కిందటి నెలలో నరసరావుపేట నుంచి వచ్చిన ఒక అమ్మాయి మానవశాస్త్రం గురించి ఇదే మాట అడిగితే నేను చెప్పిన జవాబు గంటకు పైగా సాగింది, అయినా నాకు తృప్తి కలగలేదు. చెప్పదలచుకున్నది స్థిమితంగా రాసి పెట్టాలనిపించి ఈ వ్యాసం మొదలుపెట్టాను.

అడిగేవారిని నేను తప్పుపట్టను. సివిల్ సర్వీసెస్ మెయిన్స్‌లో లెక్కలోకి వచ్చే 1750 మార్కుల్లో 500 మార్కులు అభ్యర్థి తానే ఎంచుకునే ఆప్షనల్ సబ్జెక్టువే. 2013కు ముందు రెండు ఆప్షనల్స్ ఉండేవి, ఆ ఏడాది నుంచి ఒక్కటే మిగలడంతో ఆ ఒక్క ఎంపిక చుట్టూ భయం పెరిగింది. 2017 పరీక్షలో దేశంలోనే మొదటి ర్యాంకు సాధించిన దురిశెట్టి అనుదీప్ ఇంజినీరింగ్ చదివి ఆంత్రోపాలజీ తీసుకున్నారు; తెలుగు పిల్లలకు అంతకు మించిన భరోసా మరొకటి అక్కరలేకపోయింది. చిన్నదన్న మాటలోనూ కొంత నిజం ఉంది. చరిత్రతో పోలిస్తే దీని హద్దులు స్పష్టంగా ఉంటాయి, జన్యుశాస్త్రం, మానవ పరిణామం వంటి భాగాలు సైన్సు చదివినవారికి త్వరగా పట్టుబడతాయి, గిరిజన సమస్యల మీద చదివినది జనరల్ స్టడీస్‌లోనూ పనికొస్తుంది. గ్రూప్-1కు మాత్రమే కూర్చునేవారికి ఈ తర్జనభర్జన అవసరం లేదు, అక్కడ ఆప్షనల్ అన్నదే లేదు.

నేను ఒప్పుకోలేనిది ఆ తరువాత వినిపించే మాట. నాలుగు నెలల్లో అయిపోతుంది, ఫలానావారి నోట్సు జిరాక్స్ తీయించుకుంటే చాలు, ఊరికే పుస్తకాలు చదివి సమయం పోగొట్టుకోవద్దు అని అందరూ ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆ నోట్సు చేతికి వచ్చేసరికి మానవశాస్త్రంలోని మనుషులందరూ ఎక్కడో దూరాన, ద్వీపాల్లోనో అడవుల్లోనో ఉండే మనుషులైపోతారు. విజయవాడలోనో గుంటూరులోనో కూర్చుని ఈ శాస్త్రం చదువుతున్న విద్యార్థి తన వీధినీ, తన రైలు మార్గాన్నీ, తన ఇంటి వరసలనూ పక్కన పెట్టి ఇతరుల గురించి బట్టీ పడితే అతడు ఆ విషయాన్ని చదవనట్టేనని నా నమ్మకం. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. నేను రాసిన ఒక జవాబు వల్ల, దాన్ని చదివిన ఒక స్నేహితుడి వల్ల తెలిసింది.

మాది చీరాల దగ్గర పల్లె. ఇంజినీరింగ్ గుంటూరులో చదివాను, ఆ తరువాత విజయవాడలో హాస్టల్లో ఉండి సివిల్స్‌కు చదివాను. పండగకు ఇంటికి వెళ్లాలంటే తెనాలి, బాపట్ల దాటి వెళ్లే రైలు ఎక్కాలి. బాపట్ల దాటగానే స్టువార్టుపురం స్టేషను వస్తుంది. చిన్నప్పటి నుంచి ఆ స్టేషను దగ్గర పడుతుందనగా పెట్టెలో ఎవరో ఒకరు సంచి దగ్గరకు లాక్కోవడం, పక్కవారికి సైగ చేయడం చూస్తూ పెరిగాను. మా అమ్మ కూడా నా మెడలోని గొలుసు జాకెట్టు లోపలికి తోసేది. అందులో తప్పేముందని నాకెప్పుడూ అనిపించలేదు.

కోచింగ్‌లో పెట్టిన ఒక పరీక్షలో విముక్త జాతుల మీద, అంటే ఒకప్పుడు నేరస్థ తెగలుగా నమోదై తరువాత ఆ ముద్ర నుంచి చట్టపరంగా బయటపడిన సముదాయాల మీద ప్రశ్న వచ్చింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం, దాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించడం, 1952లో దేశమంతటా రద్దు కావడం, దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు రావడం, పుట్టుకతోనే మనిషిని నేరస్థుడిగా నమోదు చేయడంలో వలస పాలకులు కులాన్ని వృత్తిగా చదివిన పద్ధతి, అన్నీ వరసగా రాశాను. ఉదాహరణలుగా ఉత్తరాదికి చెందిన రెండు సముదాయాల పేర్లు ఇచ్చాను, అవి నోట్సులో ఉన్నాయి కనుక. మంచి మార్కులే వచ్చాయి. రీడింగ్ రూములో నా పక్కన కూర్చునే స్నేహితుడు ఆ కాగితం అడిగి తీసుకుని చదివి, తిరిగి ఇస్తూ చాలా నెమ్మదిగా, "మా ఊరు రాయలేదేం?" అన్నాడు. అతడిది బాపట్ల అని ఏడాదిగా మా అందరికీ తెలుసు. నిజానికి అతడిది స్టువార్టుపురం.

"బాపట్ల అని చెబితే అడిగినవాళ్లు అక్కడితో ఆగిపోతారు. ఊరి పేరు చెబితే అక్కడి నుంచి మొదలుపెడతారు," అన్నాడు. ఆంత్రోపాలజీ ఎందుకు తీసుకోలేదని చాలా రోజుల తరువాత అడిగాను. "మా వాళ్ల గురించి ఇంకొకరి నోట్సులో చదివి, దాన్నే జవాబుగా రాయడం నా వల్ల కాదు" అన్నాడు. అతడు తెలుగు సాహిత్యం తీసుకున్నాడు.

స్టువార్టుపురంలో ఉండేది ఎక్కువగా ఎరుకలవారు. వారిలో ఉప్పు ఎరుకల, దబ్బ ఎరుకల, కరివేపాకు ఎరుకల, కుంచెలు కట్టేవారు అని చేసే పనిని బట్టి పేర్లు ఉన్నాయన్నది నాకు అతడి ద్వారానే తెలిసింది. ఉప్పు ఎరుకలవారు కోస్తా కొటారుల నుంచి ఉప్పును గాడిదల మీదా ఎద్దుల మీదా వేసుకుని లోతట్టు ఊళ్లకు తీసుకెళ్లి, అక్కడి ధాన్యాన్ని ఇటు తెచ్చి అమ్మేవారు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో రైళ్లు వచ్చి సరుకు రవాణాను తమవైపు తిప్పుకోవడం, ఉప్పు మీద ప్రభుత్వ పెత్తనం బిగియడం, అడవులు రక్షిత ప్రాంతాలుగా మారి పశువుల మేతా వెదురూ దొరకకపోవడం, ఈ మూడూ కలిసి ఆ సంచార వర్తకాన్ని చంపేశాయి. బతుకుతెరువు పోయి తిరుగుతున్న మనిషిని చూసి, తిరగడమే అతడి నేరమని తేల్చింది ఆ చట్టం. 1910ల్లో మద్రాసు ప్రభుత్వ ఉన్నతాధికారి హెరాల్డ్ స్టువార్ట్ పేరు మీద ఏర్పడిన స్టువార్టుపురం సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ నడిపింది. అక్కడి మనుషులు హాజరు చెప్పుకోవాలి, అనుమతి లేనిదే బయటికి వెళ్లకూడదు. చీరాల పొగాకు కర్మాగారంలో కూలిపని చేసినవారిలో ఆ సెటిల్‌మెంటువారూ ఉన్నారు. చీరాల పొగాకు వాసన తెలిసిన నాకు ఆ సంగతి తెలియదు.

నోట్సు మీద నా అసలు ఫిర్యాదు ఇదే. 'ఉప్పు ఎరుకల' అన్న ఒక్క తెలుగు మాటలో ఒక వర్తక వ్యవస్థ, దాని పతనం, దానికి కారణాలు అన్నీ ఉన్నాయి. ఆ మాట తెలిసిన విద్యార్థికి నేరస్థులన్న కళంకం గురించి నాలుగు పేరాలు కంఠస్థం చేయవలసిన పని ఉండదు, తెలియని విద్యార్థికి నాలుగు పేరాలు వచ్చినా విషయం అందదు. ఇక్కడే ఇంకొకటి చెప్పాలి. 1970ల్లో స్టువార్టుపురంలో పనిచేసిన హేమలతా లవణం, లవణం దంపతులది మా విజయవాడ. ఆమె గుర్రం జాషువా కుమార్తె, ఆయన పటమటలోని నాస్తిక కేంద్రం స్థాపకులు గోరా కుమారుడు. మా హాస్టల్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఆ కేంద్రం ఉంది. గిరిజనాభివృద్ధిలో స్వచ్ఛంద సంస్థల పాత్ర అన్న అంశానికి మేమందరం ఎక్కడెక్కడి ఉదాహరణలో వెతుక్కున్నాం.

రెండో విషయం ఇంటికి సంబంధించినది. మొదటి పేపరులో బంధుత్వం, వివాహం, వంశక్రమం పెద్ద భాగం. తరగతిలో సమాంతర బంధువులు, వ్యత్యస్త బంధువులు అన్న పాఠం ఇంగ్లీషులో చెబుతుంటే త్రికోణాలూ వృత్తాలూ గీసుకుంటూ అందరం కష్టపడ్డాం. మా అమ్మమ్మ ఈ పాఠం నాకు అయిదేళ్లప్పుడే చెప్పింది. పెదనాన్న, బాబాయి పిల్లలూ, పెద్దమ్మ, పిన్ని పిల్లలూ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు; మేనమామ, మేనత్త పిల్లలు బావలు, మరదళ్లు, వదినలు. మొదటివారే సమాంతర బంధువులు, రెండోవారు వ్యత్యస్త బంధువులు. బావామరదళ్ల వరసవారితో సరసం ఆడవచ్చు, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల వరసవారితో ఆడకూడదు. పెళ్లి కాకముందే మేనత్త 'అత్త'గా, మేనమామ 'మామ'గా ఉండటం, పెళ్లయ్యాక వచ్చే అత్తమామలకూ అవే మాటలు ఉండటం యాదృచ్ఛికం కాదని, మన మాటల్లోనే ఎవరిని పెళ్లాడవచ్చో రాసి ఉందని ఆ శాస్త్రం చెబుతుంది. అమెరికన్ మానవశాస్త్రవేత్త లూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లో ప్రచురించిన బంధుత్వ పదాల బృహత్ సేకరణలో తమిళ, తెలుగు, కన్నడ పదాలు ఉన్నాయి. అమెరికాలోని ఇరొక్వా ప్రజల వరసలకూ మన వరసలకూ ఉన్న పోలిక ఆయనను ఆశ్చర్యపరిచింది. మన దేశపు మానవశాస్త్రవేత్త ఇరావతీ కార్వే 1953లో భారతదేశాన్ని నాలుగు బంధుత్వ మండలాలుగా విడదీసినప్పుడు, ఉత్తరాది పెళ్లి దూరాన్ని కోరుకుంటే దక్షిణాది పెళ్లి దగ్గరితనాన్ని కోరుకుంటుందన్నది ఆమె చూపిన ప్రధానమైన తేడా. ఒక తెలుగు విద్యార్థి ఈ ఇద్దరినీ పేర్లుగా గుర్తుపెట్టుకుని, తన ఇంటి వరసలను మాత్రం జవాబులోకి రానివ్వకపోవడం నాకు ఈనాటికీ బాధ కలిగిస్తుంది.

మా పిన్నిని అమ్మమ్మ తన సొంత తమ్ముడికే ఇచ్చింది. వారి రెండో కొడుకు పుట్టుకతోనే వినలేడు. గుంటూరులో చూపించినప్పుడు డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "మేనరికమా?" పిన్ని ఆ ప్రశ్నను ప్రశ్నగా కాక తీర్పుగా విన్నది, ఇరవై ఏళ్లుగా ఆ తీర్పును మోస్తూనే ఉంది. జన్యుశాస్త్రం చదివినప్పుడు అంతఃప్రజనన గుణకం అన్న చిన్న లెక్క వచ్చింది. మేనమామ, మేనకోడలు పెళ్లి చేసుకుంటే వారి బిడ్డలో ఒక జన్యుస్థానంలోని రెండు ప్రతులూ ఒకే పూర్వికుడి నుంచి వచ్చి ఉండే సంభావ్యత ఎనిమిదింట ఒకటి, బావామరదళ్ల బిడ్డలో పదహారింట ఒకటి. రెండు ప్రతులూ ఉంటేనే ప్రభావం చూపే అరుదైన అంతర్గత జన్యువు కుటుంబంలో ఉన్నప్పుడే ఆ లెక్క జబ్బుగా బయటపడుతుంది. అలాంటి పెళ్లిళ్లలో పుట్టిన పిల్లల్లో ఎక్కువమంది ఆరోగ్యంగానే ఉంటారు. ఈ రెండు వాక్యాలు నేను తెలుగులో పిన్నికి వివరించిన రోజు, ఈ చదువు దేనికో నాకు అర్థమైంది. ఆ జన్యువు ఇద్దరి వైపు నుంచీ వచ్చిందని, అందులో ఆమె ఒక్కతె చేసిన తప్పేమీ లేదని ఆమెకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

అమ్మమ్మ చేసింది మూర్ఖత్వమని మాత్రం నేను రాయను. కూతురు కళ్ల ముందే ఉంటుంది, కట్నం కోసం పొలం అమ్మవలసిన పని ఉండదు, కష్టం వస్తే అత్తవారిల్లూ పుట్టిల్లూ ఒక్క గడపే. పెళ్లి అన్నది రెండు కుటుంబాలు తరతరాలుగా కొనసాగించుకునే పొత్తు అన్న సిద్ధాంతం ఇదే చెబుతుంది. మేనరికం మీద ప్రశ్న వస్తే ఒకరు జన్యువుల వైపు నిలబడి సంప్రదాయాన్ని తిడతారు, మరొకరు సంస్కృతి వైపు నిలబడి జన్యువులను మరచిపోతారు. శరీరాన్నీ సమాజాన్నీ ఒకే చూపులో పట్టుకోవడం కోసం పుట్టిన శాస్త్రాన్ని రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో నోట్సులో చదివితే ఇలాగే జరుగుతుంది.

రెండో పేపరు మరీ దగ్గరిది. ఇబ్రహీంపట్నం వద్ద పవిత్ర సంగమానికి సాయంత్రం వేళ వెళ్లని విద్యార్థి విజయవాడలో ఉండడు. పట్టిసీమ దగ్గర ఎత్తిపోసిన గోదావరి నీళ్లు పోలవరం కుడి కాలువ మీదుగా వచ్చి అక్కడ కృష్ణలో కలుస్తాయి. ఆ కాలువ ఏ ప్రాజెక్టుదో, ఆ ప్రాజెక్టు ముంపులో పాపికొండల మధ్య ఉన్న కొండరెడ్ల ఊళ్లూ, కోయల ఊళ్లూ ఉన్నాయి. కొండరెడ్ల మీద మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1945లో ఒక గ్రంథమే రాశాడు, అంతకు రెండేళ్ల ముందు నల్లమల చెంచుల మీద రాశాడు. అభివృద్ధి ప్రాజెక్టులు, గిరిజనుల నిర్వాసిత్వం అన్న అంశాన్ని చదివేవారు ఆ ఘాట్ మెట్ల మీద కూర్చుని 2013 భూసేకరణ చట్టం సెక్షన్లు అప్పజెప్పుకోవడం నేను విన్నాను. పోడు భూమి, కొండవాగు, అమ్మవారి చెట్టు, వెదురు, వీటన్నిటికీ బదులుగా పునరావాస కాలనీలో ఒక ఇల్లు ఇస్తే ఏ లెక్క సరిపోయింది, ఏది సరిపోలేదు అన్నది సెక్షన్లలో దొరకదు. పరిహారం పట్టికలో ఇంటికి గడి ఉంటుంది, చెట్టుకు గడి ఉంటుంది, అడవిలో దుంపలు తవ్వుకునే హక్కుకు గడి వెతకాలి. అనంతగిరి మండలంలోని బొర్రా ప్రాంతపు గనుల మీద 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు కూడా ఇలాంటిదే. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదన్న ఆ తీర్పు మన రాష్ట్రపు నేల మీద, మన 1959 నాటి భూ బదలాయింపు నిబంధన మీద నిలబడింది. మన పిల్లలు దాన్ని ఎక్కడిదో కేసుగా ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఇదే పరీక్ష నెగ్గి రేపు పాడేరులోనో రంపచోడవరంలోనో ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారిగా వెళ్లేది వీరిలో ఒకరే.

దీనికి రెండు అభ్యంతరాలు తరచూ వింటాను. పేపరు దిద్దేవారికి మన ఊరి సంగతులు అక్కరలేదని, సిద్ధాంతమే కావాలని మొదటిది. సిద్ధాంతం లేకుండా ఊరి కబురు రాస్తే మార్కులు రావు, నిజమే. అయితే ఆ ప్రశ్నపత్రంలో తగిన ఉదాహరణలతో వివరించండి అన్న మాట పదే పదే కనిపిస్తుంది, ఆ చోట వేలమంది ఒకే నోట్సు నుంచి ఒకే ఉదాహరణ రాస్తారు. నేను రెండుసార్లు మెయిన్స్ రాశాను, తుది జాబితాలో నా పేరు రాలేదు. రెండోసారి ఆప్షనల్‌లో మార్కులు పెరిగాయి, అయినా దాన్ని రుజువుగా చూపను, ఒకరి మార్కులు దేనికీ రుజువు కావు. రెండో అభ్యంతరం భాష గురించినది, దానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. జవాబులు తెలుగులో రాయవచ్చు, ప్రశ్నపత్రం మాత్రం హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది, ఈ విషయం మీద పరీక్ష స్థాయికి తగిన తెలుగు పుస్తకాలు చాలా తక్కువ. నేనూ ఇంగ్లీషులోనే రాశాను. ఇంగ్లీషులో రాసినా ఆలోచన తెలుగులో జరిగితే చాలని పిల్లలకు చెబుతున్నాను, కాని ఆ ఆలోచనకు కావలసిన పుస్తకాలు తెలుగులో ఉండాలన్నది అంతకంటే పెద్ద మాట.

దగ్గరివారిని చదవమంటే నోట్‌బుక్ పట్టుకుని యానాదుల గుడిసెల దగ్గరికో, స్టువార్టుపురానికో ఉదాహరణల కోసం బయలుదేరమని అర్థం కాదు. ఒక ఏడాది కొందరు అలాగే బయలుదేరబోతే నేను ఆపాను. మన పది మార్కుల జవాబు కోసం తమ బతుకు విప్పి చెప్పవలసిన బాధ్యత ఎవరికీ లేదు. నా స్నేహితుడు నాకు ఉప్పు ఎరుకల సంగతి చెప్పింది నేను అడిగినందుకు కాదు, ఏడాది పాటు పక్కపక్కన కూర్చుని చదువుకున్నాక చెప్పాలనిపించి చెప్పాడు. ఆ జవాబు తిరగరాసి మళ్లీ అతడికే చూపించాను. ఒక్కచోట మాత్రం కొట్టివేశాడు: "సంచార జీవనానికి అలవాటుపడిన" అన్న చోట "వర్తకం కోసం తిరిగే" అని రాశాడు.

అందుకని మొదలు ఇంట్లోనే పెట్టమంటాను. బ్రిటిష్ మానవశాస్త్రవేత్త డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ 1898లో ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న టోరెస్ జలసంధి యాత్రలో వంశావళి పద్ధతిని రూపొందించాడు, తరువాత నీలగిరుల్లో తోడా తెగవారి మీద అదే పద్ధతిలో పనిచేసి 1906లో పుస్తకం వెలువరించాడు. నోట్సు తెరవకముందు మీ ఇంట్లో నాలుగు తరాల వంశావళి గీయండి, ప్రతి గీతకూ తెలుగు వరస రాయండి, ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో, ఏ భూమి ఎటు పోయిందో అడిగి తెలుసుకోండి అని చెబుతాను. నరసరావుపేట అమ్మాయికీ అదే చెప్పాను. మూడు వారాల తరువాత ఆమె ఒక పెద్ద చార్టు తెచ్చి బల్ల మీద పరిచింది. మగవారి పేర్లు ఆరో తరం దాకా వెళ్లాయి. మూడో తరం దాటాక ఆడవారి చోట అన్నీ ఖాళీ వృత్తాలే. "వాళ్ల పుట్టింటి పేర్లు అడిగితే, ఆడవాళ్లవెందుకమ్మా, మనవి రాసుకో అన్నారు తాతయ్య. ఈ ఖాళీలను ఏమని రాయాలక్కా?" అని అడిగింది. ఆఫ్రికాలోని నువేర్ తెగవారి వంశావళుల్లో కొందరు పూర్వికులు ఎలా మరపున పడతారో మానవశాస్త్రవేత్త ఇవాన్స్-ప్రిచర్డ్ 1940లో రాశాడని, పితృవంశం తనకు అక్కరలేని పేర్లను వదిలేస్తుందని చెప్పాను. ఆమె అది రాసుకోలేదు. సత్తెనపల్లిలో వాళ్ల తాతయ్య మేనత్త ఒకామె ఇంకా ఉన్నారట, తొంభై దాటాయట, మాట స్పష్టంగానే ఉందట. వచ్చే ఆదివారం తరగతికి రానని, అక్కడికి వెళుతున్నానని చెప్పి చార్టు చుట్టుకుని వెళ్లింది.